ఎర్ర బండి పంచాయితీ

మా ఉస్తాద్ పోయాడన్న సంగతి నాకు ఒక బండి కింద పడుకుని ఉండగా తెలిసింది. గేర్ బాక్స్ అడుగున ఉండే నూనె తొట్టి మరలు విప్పుతున్నాను. జేబులో ఫోను మోగింది. చేతులనిండా నూనె, తీయలేదు. మళ్ళీ మోగింది. పక్కన పని చేస్తున్న బంగ్లా భాయ్ తన ఫోను తీసి విన్నాడు. కాసేపటికి వంగి, బండి కింద నా ముఖం వెతుక్కుని, "కితాబ్ భాయ్, ఉస్తాద్ చలే గయే. జిజాన్ మే. దఫన్ భీ హో గయా," అన్నాడు. జిజాన్‌లో పోయాడట, మట్టి కూడా చేసేశారట.

మొదట దుఃఖమే కలిగింది. కాదనను. చేతులు తుడుచుకుని ఫోను తెరిచాను. సౌదీలో మా రాబిగ్ నుంచి, జిజాన్ నుంచి, హఫర్ అల్ బాతిన్ నుంచి, ఎప్పుడో ఖురూజ్, అంటే ఇక తిరిగి రానన్న వీసా ముద్ర, కొట్టించుకుని ఇంటిదారి పట్టినవాళ్ళ నుంచి సందేశాలు వచ్చి పడుతున్నాయి. కొందరు ఏడుస్తూ మాట్లాడారు. కొందరు ఆయన చెప్పిన జోకు ఒకటి చెప్పి, సగంలో నవ్వి, ఆ నవ్వు మధ్యలో ఏడ్చారు. ఒక సౌదీ పెద్దాయన అరబీలో దువా చదివి పంపాడు. వేలితో కిందికి జరుపుతూ పోతుంటే చివర దొరకలేదు. నేను పోతే వీళ్ళలో ఎందరు నోరు తెరుస్తారు అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. దుఃఖం పక్కకు జరిగి, దాని చోట్లో అసూయ వచ్చి కూర్చుంది. అది నాకు కొత్త చుట్టం కాదు. రాబిగ్‌లో ఆయన పక్కన పని చేసినన్నాళ్ళూ నాతోనే కాపురం ఉంది.

ఆయన పేరు రాయను. రాసినా మా సనయ్యలో సగం మందికి తెలియదు. సనయ్య అంటే ఊరి బయట గ్యారేజీలన్నీ వరసగా ఉండే చోటు. ఇక్కడ మర్యాదకు ప్రతి మెకానిక్కునూ ఉస్తాద్ అంటారు: టైరు ఉస్తాద్, ఏసీ ఉస్తాద్, రంగు ఉస్తాద్. ముందు ఏమీ తగిలించకుండా వట్టి ఉస్తాద్ అంటే మాత్రం ఆయన ఒక్కడే. కడప నుంచి వచ్చిన సాయిబు. ఆటోమేటిక్ గేర్ బాక్సులు ఆయన పని. అదే గ్యారేజీలో అదే పని నాది కూడా. అయినా గేటు దగ్గర బండి ఆగితే, దిగినవాడు నన్ను దాటి చూస్తూ, "ఉస్తాద్ ఫేన్?" అనేవాడు. ఉస్తాద్ ఎక్కడ అని. నన్నందరూ కితాబ్ అనేవారు. పుస్తకం అని.

ఆ పేరు వెక్కిరింతకు పెట్టినా నేను సిగ్గుపడలేదు. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. చదువు పదో తరగతితో ఆగింది కాని చదవడం ఆగలేదు. మండలంలోని శాఖా గ్రంథాలయం తెరిచే వేళకు ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. నవలల బీరువా అయిపోయాక, ఎవరూ తాకని మూల బీరువాకు వచ్చాను. పాలిటెక్నిక్ మాస్టారొకాయన రిటైరయ్యాక ఇచ్చేసిన ఇంగ్లిషు పుస్తకాలు అందులో ఉండేవి. వాటిలో ఒకటి అమెరికా బండ్ల మరమ్మతు గురించి. ఇటుకంత లావు. మా మండలంలో ఆటోమేటిక్ గేరు బండి ఒక్కటీ లేని రోజుల్లో, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఆ గేర్ బాక్స్ లోపల నూనె ఏ దారిన పోతుందో ఏ దారిన తిరిగి వస్తుందో నేను చదువుకున్నాను. న్యూట్రల్ అన్న మాటకు నిఘంటువు "తటస్థం, ఏ పక్షమూ వహించనిది" అంది. బండికి పక్షమేమిటా అని ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాను. అట్లా నేర్చుకున్నది మరిచిపోదామన్నా మరుపు రాదు. ఇది గర్వంగానే చెప్తున్నాను. నాకు ఉన్నది అదొక్కటే కాబట్టి.

ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. చదవలేదని బాధా లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఫోనులో ఏదైనా గేర్ బాక్స్ గురించి చదువుకుంటుంటే, గోడకు చేరగిలబడి, "గట్టిగా సదువు అబ్బీ, నీ గొంతు ఇంటే నాకు నిద్ర బాగా వస్చాది," అనేవాడు. నిజంగానే నిద్రపోయేవాడు. గురక పెట్టేవాడు. మాతో పని చేసే పెషావర్ ఖాన్, బంగ్లా భాయ్ ఆ గురక విని నన్ను చూసి నవ్వేవారు.

ఇక ఆయన పని చేసే తీరు. గేరు జారుతోందని ఎవరైనా బండి తెస్తే, అంటే ఇంజిన్ గొంతు పెంచి అరుస్తుంది కాని బండి ముందుకు పోదు, గొలుసు ఊడిన సైకిలు తొక్కినట్టు ఉంటుంది, అట్లాంటి బండి వస్తే ముందు చెప్పులు బయట విడిచి ఎక్కేవాడు. వట్టి పాదాలు పెడళ్ళ మీద పెట్టేవాడు. "కాళ్ళకు సెవులుంటాయి అబ్బీ. సెప్పులు తొడిగితే మూసుకుంటాయి." తర్వాత యమనీ దుకాణం నుంచి తెచ్చిన చాయ్ గ్లాసు సగం తాగి, మిగతా సగంతో డ్యాష్‌బోర్డు మీద పెట్టేవాడు. సముద్రం వైపు రోడ్డు మీద తోలుతూ రోడ్డును కాదు, ఆ చాయ్‌ని చూసేవాడు. గేరు సరిగ్గా పడితే చాయ్ ఒక్కసారి వెనక్కి వాలి నిలబడుతుందట. జారితే పైన చిన్న వణుకు పుడుతుందట. తిరిగి వచ్చాక నూనె కొలిచే కడ్డీ లాగి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. అత్తరు దుకాణంలో పెళ్ళికొడుకు నిలబడ్డట్టు ఉండేది ఆ వాలకం. కళ్ళు తెరిచి, బండి సొంతదారుతో అరబీలో, "నిన్న దీంతో ఇసుక దిబ్బ ఎక్కినావు కదూ?" అనేవాడు. అవతలివాడు వల్లాహి, దేవుడి మీద ఒట్టు, లేదంటూనే నవ్వేసేవాడు. దొరికిపోయినవాడికి అంత సంతోషం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆయన అంచనాలు తప్పేవి కూడా. అవి నాకు బాగా గుర్తు. నాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేవు. ఒకసారి వాసన చూసి లోపలి క్లచ్ పలకలన్నీ మాడిపోయాయన్నాడు. విప్పితే పలకలు కొత్తవాటిలా ఉన్నాయి. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, "సూసినావా, నేను వాసన సూసేసరికి బయపడి బాగైపోయినాయి," అన్నాడు. గ్యారేజీ గ్యారేజీ అంతా పడీ పడీ నవ్వింది. బండి సొంతదారు కూడా. ఆ తప్పు నేను చేసి ఉంటే మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న యజమాని, నా మొహం మీదే, "రోజంతా చదువుతావు, ఇదేనా చదివింది?" అనేవాడు.

నాకు కావలసింది పెద్ద విషయమేమీ కాదు. గేర్ బాక్స్ దగ్గర నేను తనకు సమానమని ఆయన నోటితో ఒక్క మాట. ఖాన్ అంటే సరిపోదు, కఫీల్ అన్నా సరిపోదు. ఆయనే అనాలి.

మా గ్యారేజీలో ఆయన పెట్టిన ఆచారం ఒకటి ఉండేది. ఏ గేర్ బాక్స్‌నైనా విప్పే ముందు పంచాయితీ జరగాలి. అందరూ బండి చుట్టూ నిలబడాలి. వయసులో చిన్నవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరూ జబ్బు ఏమిటో చెప్పాలి. చివరగా ఆయన చెప్తాడు. తర్వాతే పానా పట్టుకోవాలి. తప్పు చెప్పినవాడు అందరికీ చాయ్ మోసుకురావాలి. మొదట్లో ఇది నాకు నచ్చింది, ఎందుకంటే నేను చెప్పింది తరచు నిజమయ్యేది. కాని నిజమైనందుకు ఎవరూ సంతోషించేవారు కాదు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఖాన్ ఒక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. "కితాబ్ ఖుల్ గయీ, అబ్ బైఠో," అనేవాడు. పుస్తకం తెరుచుకుంది, ఇక కూర్చోండి అని.

ఎర్ర బండి వచ్చింది ఆ రోజుల్లోనే.

అబూ తుర్కీ అని పిలిచే రిటైరైన స్కూలు మాస్టారిది ఆ బండి. ఆయన కుర్రతనం నాటి అమెరికా బండి. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, లోపల పులి ఉందా అన్నట్టు గర్జించే ఇంజిన్. దానికి మరమ్మతులు చేయించి, రంగు వేయించి, గురువారం సాయంత్రాలు సముద్రపు ఒడ్డున మెల్లగా తిప్పేవాడు. కొన్నాళ్ళుగా సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరితే ఇంజిన్ అరుస్తోంది, బండి ఆలోచిస్తోంది. మలుపు తిరిగేటప్పుడు మరీ ఎక్కువ. ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చూసి, నూనె నిండుగా ఉంది, లోపల అరిగిపోయింది, విప్పాలి అన్నారట. విప్పడమంటేనే ఆయనకు భయం. ఆయన స్నేహితుడి దగ్గర ఇట్లాంటిదే ఒకటి ఉండేది. ఎవరో విప్పారు. సామాను దొరకలేదు, మళ్ళీ బిగించలేదు. ఆ బండి ఇప్పుడు పెరట్లో కోళ్ళకు నీడ ఇస్తోంది.

"యా ఉస్తాద్, హాదీ ఉమ్రీ," అన్నాడు అబూ తుర్కీ, బండి పైకప్పు మీద చెయ్యి వేసి. ఇది నా ప్రాణం అని. ఆ మాట అన్నది నాతో కాదు. నేను పక్కనే ఉన్నాను.

ఉస్తాద్ చెప్పులు విడిచాడు. చాయ్ గ్లాసు పెట్టాడు. ఒక చుట్టు తిప్పుకుని వచ్చాడు. గేరు దండెను పార్కులో, అంటే చక్రాలు కదలకుండా పట్టే గేరులో, పెట్టి, ఇంజిన్ ఆపకుండా కడ్డీ లాగాడు. నూనె గుర్తు దాకా నిండుగా ఉంది. వాసన చూశాడు. ఈసారి కళ్ళు తెరవడానికి ఎక్కువసేపు పట్టింది.

"రోంత మాడిన వాసన ఉండాది," అన్నాడు నాతో తెలుగులో. అబూ తుర్కీ వైపు తిరిగి నవ్వకుండా అరబీలో, విప్పాల్సిందేనని చెప్పాడు. ఆ ముసలాయన వెళ్ళి గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బండికి వీపు తిప్పుకున్నాడు.

పంచాయితీ మొదలైంది. బంగ్లా భాయ్ లోపల జల్లెడ మూసుకుపోయిందన్నాడు. తర్వాత వంతు నాది. మండల గ్రంథాలయంలో ఆ ఇటుకంత పుస్తకం, అందులో ఆ పేజీ, నేను మధ్యాహ్నమంతా తల బద్దలు కొట్టుకున్న ఆ మాట, అన్నీ కళ్ళ ముందున్నాయి.

"ఉస్తాద్, జర ఆగుండ్రి. ఇప్పుడే విప్పొద్దు," అన్నాను. "మీరు నూనెను పార్కుల పెట్టి చూసిండ్రు. ఇది న్యూట్రల్ల పెట్టి చూడాల్సిన బండి."

ఖాన్ బకెట్ మీద నుంచి, "క్యా బోల్ రహా హై?" అని అడిగాడు.

"కితాబ్ బోల్తా హై, గాడీ కో పార్క్ పసంద్ నహీఁ," అన్నాడు ఉస్తాద్. బండికి పార్కు నచ్చలేదట అని. నవ్వులు. తర్వాత నాతో, "అబ్బీ, నేను ఈ గడ్డమీద కాలు పెట్టినప్పుట్నుంచి బండ్లన్నీ పార్కులోనే సూస్చాండా. ఈ సనయ్యలో యెవురైనా అంతే."

"అవును. ఇప్పటి బండ్లన్నిటికి గదే కరెక్టు. ఇది గాదు. ఇది పాతది. దీని దండె పార్కుల ఉంటే పంపు ఇంజిన్‌కు గేర్ బాక్స్‌కు నడుమ ఉండే కన్వర్టర్లకు నూనెను పంపది. నూనెంత కింద తొట్టిలనే నిలవడి ఉంటది. అందుకే కడ్డీ మీద నిండుగ కనవడ్తది. న్యూట్రల్ల పెడితె పంపు నూనెను గుంజుతది. అప్పుడెంతుందో గదే అసలు లెక్క. నూనె తక్కువైతెనే మలుపుల జారుతది, ఒక పక్కకు ఒరిగి పంపుకు అందది గన్క."

"తప్పైతే?"

"తప్పైతే ఇగ పంచాయితీల నేను నోరు తెర్వ."

ఉస్తాద్ దీన్ని హిందీలో చెప్పగానే ఖాన్ లేచి నిలబడ్డాడు. "మంజూర్! మంజూర్ హై!" అన్నాడు రెండు చేతులూ ఎత్తి. నాది తప్పు కావాలని వాళ్ళందరి ముఖాల మీదా రాసి ఉంది.

ఉస్తాద్ నా వైపు కొంచెంసేపు చూశాడు. అప్పుడు ఆయన ముఖంలో ఏముందో ఇప్పటికీ తేల్చుకోలేను. వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుని, బ్రేకు నొక్కి, దండెను న్యూట్రల్‌లోకి జరిపాడు. ఇంజిన్ చప్పుడు కొద్దిగా మారింది. నేను కడ్డీ లాగి, తుడిచి, మళ్ళీ దించి, లాగాను.

చివర మొన మాత్రం తడిసింది. మిగతాదంతా పొడి.

ఇంజిన్ ఒక్కటే ఊగుతోంది. ఆ క్షణం నాది. నా మొత్తం చదువుకు దొరికిన బహుమతి ఆ పొడి కడ్డీ. అది ఉస్తాద్ బండి దిగేదాకా నాదిగా ఉంది.

దిగి, నా చేతిలోంచి కడ్డీ తీసుకుని, రెండు వైపులా తిప్పి చూశాడు. దాన్ని అందరికీ ఎత్తి చూపించాడు, గాలానికి చేప పడ్డట్టు. తలమీది టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఖలాస్! ఉస్తాద్ ఫెయిల్!" అని అరిచాడు. అరుస్తూనే రోడ్డు దాటి యమనీ దుకాణానికి పరుగెత్తాడు, చెప్పులు బండి దగ్గరే వదిలేసి. ఎండకు కాలిపోతున్న సిమెంటు మీద గంతులు వేస్తూ, రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని, "గరమ్ చాయ్, చాయ్ గరమ్" అంటూ రైలు స్టేషన్ కేక వేసుకుంటూ తిరిగి వచ్చాడు. పక్క గ్యారేజీల వాళ్ళంతా బయటికి వచ్చి ఏమైందని అడిగారు. "నేను తప్పినా! నేను!" అని ఏదో పరీక్ష పాసైనవాడిలా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆయనకు. ఓడినందుకు.

అబూ తుర్కీ కుర్చీలోంచి లేచి వచ్చాడు. విప్పక్కర్లేదని ఉస్తాద్ చెప్పగానే ఆ ముసలాయన ఉస్తాద్ తలను రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. నా నుదురు పక్కనే ఉంది.

నూనె పోతున్న చోటు కూడా నేనే పట్టుకున్నాను. నూనెను చల్లార్చడానికి రేడియేటర్ దాకా వెళ్ళే సన్న గొట్టం, బిగింపు దగ్గర చెమరుస్తోంది. ఇంట్లో బండిని ఎక్కడ పెడతారని అబూ తుర్కీని అడిగితే షెడ్డులో ఇసుక మీద అన్నాడు. కారిన చుక్కను కారినట్టే ఇసుక తాగేసింది, మచ్చ మిగలలేదు. గొట్టం మార్చి, న్యూట్రల్‌లో పెట్టి నూనె నింపాం. సాయంత్రం ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం రోడ్డు మీదికి తీశాడు. ఎర్ర బండి లాగింది. చాయ్ వెనక్కి వాలి నిలబడింది. మలుపు తిప్పాడు. మళ్ళీ లాగింది. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ఇప్పుడంటాడు అనుకున్నాను. ఇప్పుడు తప్ప ఇంకెప్పుడంటాడు?

"మంచి బండి అబ్బీ," అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఎర్ర బండి కథ సనయ్యంతా తిరిగింది. ఉస్తాద్ చెప్పేవాడు. జనం ఆ కథ వినడానికే మా గ్యారేజీకి వచ్చి కూర్చునేవారు. చెప్పిన ప్రతిసారీ అందులో నేను కొంచెం మారేవాణ్ణి. మొదట చేతిలో పుస్తకం వచ్చింది. తర్వాత చంకలో నిఘంటువు. ఆ తర్వాత ముక్కు మీదికి కళ్ళజోడు. నేను కళ్ళజోడు పెట్టుకోను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఉస్తాద్, గెలిచింది నేను గద? మరి కథల జోకర్ నేనెందుకైన?"

"జోకర్ నేనబ్బీ. నువ్వు హీరోవి. కాని జోకర్ ఉన్నప్పుడు హీరోను యెవురు సూస్చారు?" అన్నాడు. నేను ఆ జవాబును ఎన్నోసార్లు మనసులో విప్పి చూశాను. జాలి ఉందో, గర్వం ఉందో, ఉత్త హాస్యమో తేలలేదు.

తర్వాత మా కఫీల్ జిజాన్‌లో ఇంకో గ్యారేజీ తెరిచి ఉస్తాద్‌ను అక్కడికి పంపాడు. రాబిగ్‌లో గేర్ బాక్స్ పని నా చేతికి వచ్చింది. కోరుకున్నది దొరికిందనుకున్నాను. గేటు దగ్గర దిగినవాడు మాత్రం నన్ను దాటి చూస్తూనే ఉన్నాడు. ఉస్తాద్ ఫేన్? జిజాన్. ఎప్పుడొస్తాడు? రాడు. అయితే ఫోన్ నంబరు ఇవ్వు. నంబరు ఇచ్చేవాణ్ణి నేనే.

ఎవరూ చూడకుండా ఆయన పద్ధతులు చేసి చూశాను. చెప్పులు విడిచి తోలితే పెడల్ కాలింది, చెవులేమీ తెరుచుకోలేదు. చాయ్ గ్లాసు డ్యాష్‌బోర్డు మీద పెడితే మొదటి బ్రేకుకే పక్కన కూర్చున్న సౌదీ తెల్లటి తోబ్, వాళ్ళు తొడిగే ఆ పొడుగు చొక్కా, మీద ఒలికింది. కళ్ళు మూసుకుని కడ్డీ వాసన చూస్తే నూనె వాసనే వచ్చింది. బండి సొంతదారు ఏ దిబ్బ ఎక్కాడో నాకు తెలియలేదు. పీడనం కొలిచే మీటరు తెచ్చుకున్నాను. అది ఎప్పుడూ అబద్ధం చెప్పదు. దాన్ని చూసి ఎవరూ నవ్వరు కూడా.

జిజాన్ నుంచి ఆయన బంగ్లా భాయ్‌కి ఫోన్ చేసేవాడు, ఖాన్‌కు చేసేవాడు. స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేవారు. నాకు సలామ్ చెప్పమనేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ చేయలేదు. పాత బండి ఏదైనా ఆయనకు చిక్కుముడి వేస్తుంది, అప్పుడు చేస్తాడు అని నేను చాలాకాలం ఫోను దగ్గర పెట్టుకుని తిరిగాను.

ఆయన పోయిన తర్వాతి శుక్రవారం, జుమా నమాజు అయ్యాక, సనయ్య వాళ్ళంతా మా గ్యారేజీలో కూడారు. షట్టర్ సగం దించి, కార్పెట్లు పరిచి, ఖర్జూరాలూ, గావా అనే అరబీ కాఫీ పెట్టాం. ఒక్కొక్కరూ ఆయన గురించి చెప్పారు. అబూ తుర్కీ వచ్చాడు, ఎర్ర బండిలోనే. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "ఉస్తాద్ నా బండిని బతికించాడు, నీకు తెలుసు కదా," అన్నాడు. తెలుసు అన్నాను.

సాయంత్రానికి జిజాన్ నుంచి ఒక డ్రైవర్ వచ్చాడు. నిర్మల్ దగ్గరివాడు, రెండు గ్యారేజీల మధ్య సామాను మోసే బండి అతనిది. ఖబరస్తాన్‌లో మట్టి వేసినవాళ్ళలో తానూ ఉన్నానని చెప్పాడు. గావా తాగి, చుట్టూ చూసి, "గీడ కితాబ్ సాబ్ అంటె ఎవలు?" అని అడిగాడు.

"నేనే."

"మీరేనా? కండ్లద్దాలుంటయనుకున్న," అన్నాడు. "మీ ముచ్చట మస్తు చెప్పేటోడు."

"ఎర్ర బండి కథనే గద," అన్నాను.

"అది అందరికెర్కే. గది గాదు. ఆఖర్ల ఆఖర్ల ఆయనకు చాతనయ్యేది గాదు అన్నా. ఒక్కోపారి పాత బండి ఏదన్న వచ్చి సతాయిస్తె, బానెట్ మీద చెయ్యేసి నిలవడేటోడు. ‘ఇది రాబిగ్‌ల ఉన్నోడు సూడాల్సిన బండి’ అనేటోడు."

చేతిలోని ఖర్జూరం కింద పెట్టాను. "మరి నాకు ఫోనెందుకు చెయ్యలే?"

"మేం గూడ గదే అన్నం. ఫోన్ కొట్టు ఉస్తాద్, అడుగు అని. ‘వానికి ఫోన్ చేస్తే వాడు ఫోన్లోనే బాగు చేస్తాడబ్బీ. ఇంగ నన్నెవురు ఉస్తాద్ అంటారు?’ అన్నడు."

"ఎట్ల అన్నడు?"

"ఎట్ల అంటె?"

"నవ్వుకుంటనా, మామూలుగనా?"

డ్రైవర్ ఆలోచించాడు. "నవ్వుకుంటనే. ఆయన ఎప్పుడన్న నవ్వకుంట మాట్లాడిండా అన్నా?"

"ఒక్కపారే అన్నడా, మల్లమల్ల అన్నడా?"

అతను నన్ను వింతగా చూశాడు. చావు పరామర్శకు వచ్చిన చోట ఇవేం ప్రశ్నలని అనుకుని ఉంటాడు. "గుర్తులేదే," అన్నాడు.

ఖాన్ పక్క నుంచి మోచేత్తో పొడిచి ఏమిటని అడిగాడు. డ్రైవర్ ఉస్తాద్ మాటను హిందీలో చెప్పాడు, ఆయనలాగే చేతులు తిప్పుతూ. ఖాన్ ఒక్కసారిగా నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, "వాహ్ ఉస్తాద్," అన్నాడు. ఆ మాట ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. ఉర్దూలో, బంగ్లాలో, అరబీలో. షట్టర్ కింద నుంచి వచ్చే ఎండలో ఆ మనుషులంతా నవ్వుతున్నారు. ఆయన ఇంకో జోకు వేసి పోయాడని.

నేను ఒక్కణ్ణే నవ్వలేదు. అది జోకు కాకూడదని నేను కోరుకుంటున్నాను. ఆయనకు నా మీద ఒక్క పూట, ఒక్క బండి దగ్గర నిజంగా అసూయ కలిగి ఉంటే చాలు. అప్పుడు మేమిద్దరం సమానం. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న దానిలో సగం ఆయన కూడా మోసినట్టు. ఆయన బతికి ఉంటే జిజాన్ వెళ్ళేవాణ్ణి. ఆ మాట నా ఎదుట మళ్ళీ అనమనేవాణ్ణి, కళ్ళలోకి చూసి తేల్చుకునేవాణ్ణి. ఆయన నన్ను ఎర్ర బండి ముందు చూసినట్టు కాసేపు చూసి, నవ్వేసి, వెళ్ళి చాయ్ తెచ్చేవాడేమో. అయినా వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు అది జోకో నిజమో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. ఆ ఒక్కటీ తన దగ్గరే ఉంచుకుని పోయాడు.